సీసాలో పెరిగే వేరు, పొలంలో తవ్వే కూలీ

రాయలసీమ మెట్ట పొలాల్లో పెన్నేరుగడ్డ తవ్వకాలు సాగుతున్న రోజుల్లో మా సంఘం కార్యకర్తలం ఒక ఊరికి వెళ్ళాం. పెన్నేరుగడ్డ అంటే మందుల షాపుల్లో అశ్వగంధ పేరుతో అమ్మేది. తవ్వకం కూలి పెంచాలని అక్కడి ఆడకూలీలు పట్టుబట్టారు. రైతును అడిగితే ఆయన సరుకు కొనే దళారీని చూపించాడు. ఆ దళారీ చెప్పిన మాట ఇది: "మీ యేర్లు ఎవురికి గావాలయ్యా? ఇప్పుడు సీసాల్లోనే పెంచుతాండారు. మన్నొద్దు, వానొద్దు, కూలోళ్ళు అసలే వద్దు. వచ్చే ఏడు నేను ఈ ఊరికొచ్చేదే అనుమానం. ఇచ్చినకాడికి తీసుకోండి." ఆ ఒక్క మాటతో క్వింటాలు ధర దిగింది. ధర దిగిందని చెప్పి రైతు కూలి పెంచకుండా ఊరుకున్నాడు.

ఆ రాత్రి సమావేశంలో ఒక ముసలమ్మ లేచి, "అట్లయితే నాయనా, ఆ సీసాల్లో యేర్లు తవ్వేదానికన్నా మమ్మల్ని పిలుస్తారా?" అని అడిగింది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. కాని ఆ అవ్వకు చెప్పదగ్గ జవాబు మాత్రం మా దగ్గర లేకపోయింది. కొందరు కార్యకర్తలు "ఇదంతా బహుళజాతి కంపెనీల కుట్ర, మొత్తానికి వ్యతిరేకిస్తూ తీర్మానం చేద్దాం" అన్నారు. తెలియని దాని మీద తీర్మానం చేయడం మంచిది కాదని ఆపాం. మేం పెద్ద చదువులు చదివినవాళ్ళం కాదు. కూలి కుటుంబంలో పుట్టి యూనివర్సిటీలో జీవశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయిని పిలిపించుకుని, రెండు రోజులు కూర్చుని చెప్పించుకున్నాం. తర్వాత దొరికినవి చదువుకున్నాం. తెలుసుకున్న దాన్ని రైతుల ముందు, కూలీల ముందు పెట్టడం మా బాధ్యత.

సీసాలో వేరు పెరిగేది నిజమేనా?

నిజమే. అందులో గారడీ ఏమీ లేదు.

మన నేలలోనే ఉండే ఒక సూక్ష్మజీవి ఉంది. దాని పేరు అగ్రోబాక్టీరియం రైజోజెనిస్. మొక్కకు గాయమైన చోట అది చేరి, తన జన్యువుల్లో ఒక చిన్న ముక్కను మొక్క కణంలోకి పంపిస్తుంది. ఆ ముక్క మొక్క జన్యువుల మధ్యకు పోయి అతుక్కుంటుంది. దాంతో ఆ గాయం నుంచి సన్నటి వేళ్ళు జుట్టులాగా గుబురుగా పుట్టుకొస్తాయి. అందుకే వీటిని వెంట్రుక వేళ్ళు అంటారు. ఇందులో సూక్ష్మజీవికి లాభమేమిటి? ఆ వేళ్ళు ఓపైన్లు అనే పదార్థాలను తయారుచేస్తాయి. వాటిని తిని బతకగలిగేది ముఖ్యంగా ఈ సూక్ష్మజీవుల జాతే. అంటే, మొక్క ఇంట్లోనే దొర తన గాదె కట్టించుకుని, మొక్క చేత వెట్టి చేయించుకుని నింపించుకోవడం లాంటిదన్న మాట. జన్యువుల ముక్క నిజంగా వేరు కణాల్లోకి చేరుతున్నదని 1982లో అమెరికా శాస్త్రజ్ఞురాలు మేరీ డెల్ చిల్టన్, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కలిసి రుజువు చేశారు.

ఈ వెట్టినే శాస్త్రజ్ఞులు మనిషి పనికి మళ్ళించారు. మందు మొక్క ఆకునో కాండాన్నో కోసి, ఆ గాయానికి సూక్ష్మజీవిని తగిలిస్తారు. కొద్ది వారాల్లో వేళ్ళు వస్తాయి. తర్వాత మందు వేసి సూక్ష్మజీవిని చంపేస్తారు. వేరు కొసలను తుంచి పంచదార, లవణాలు కలిపిన నీళ్ళలో వేస్తారు. మామూలు వేరు మొక్క నుంచి విడదీస్తే నీళ్ళలో అంతగా పెరగదు. ఈ వేరు మాత్రం ఆకు లేకుండా, ఎండ లేకుండా, పెరుగుదల మందులు పోయకుండా కొమ్మలు వేసుకుంటూ పోతుంది. పొలంలో అశ్వగంధకు అయిదారు నెలలు కావాలి. సీసాలో వేరు కోతకు వచ్చేది వారాల లెక్కన.

కణాలను విడిగా పెంచితే సరిపోదా అని మేం అడిగాం. చాలా మందు పదార్థాలు మొక్కలో వేరు వేరుగా ఉన్నప్పుడే తయారవుతాయి. కణాలను విడదీసి ముద్దగా పెంచితే అవి బతుకుతాయి గాని, ఆ పదార్థాలను చేయడం తగ్గించేస్తాయి, లేదా మానేస్తాయి. అందుకే మొత్తం వేరునే పెంచవలసి వచ్చింది.

జన్యువులు మార్చిన వేరు అనగానే భయపడేవాళ్ళకు ఒక మాట. 2015లో శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని 291 రకాల సాగు చిలగడదుంపలను పరీక్షించారు. అన్నింటిలోనూ అగ్రోబాక్టీరియం జన్యువుల ముక్కలు దొరికాయి. వేల ఏళ్ళ కింద ఏ ప్రయోగశాలా లేకుండా నేలలోనే జరిగిన మార్పు అది. మన తాతముత్తాతలు కుంపట్లో కాల్చుకు తిన్న గెనుసుగడ్డ ఆ రకందే. కాబట్టి మా తగాదా సూక్ష్మజీవితో కాదు. ఈ వేళ్ళు మూసిన తొట్టెల్లో పెరుగుతాయి కనుక, పొలంలో చల్లే విత్తనం మీద వచ్చే ప్రశ్నలన్నీ వీటికి అట్లాగే వర్తించవు కూడా. వీటి విషయంలో అసలు తగాదా ఎవరి చేతిలో ఉన్నాయన్న దాని గురించే.

ఇప్పటివరకు సాధించిందేమిటి?

అశ్వగంధ వేరులో విథనోలైడ్లు అనే పదార్థాలుంటాయి. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు విదేశీ పరిశోధకులతో కలిసి 2008లో ప్రకటించిన పరిశోధనలో, వెంట్రుక వేళ్ళలో విథనోలైడ్-ఎ అనే పదార్థం మామూలు వేరు కంటే రెండున్నర రెట్లకు మించి వచ్చింది. సర్పగంధ మీద బాబా అణు పరిశోధనా కేంద్రం శాస్త్రజ్ఞులు 1990 దశకంలోనే ఇటువంటి వేళ్ళు తయారుచేశారు. చైనా శాస్త్రజ్ఞులు ఒక అడుగు ముందుకు వేశారు. ఖురాసానీ వాము మన ఉమ్మెత్తకు చుట్టం. దాని వేరులో స్కోపాలమిన్ అనే మందు తయారవుతుంది. ప్రయాణంలో వాంతులు రాకుండా వాడే మందు అది. 2004లో వాళ్ళు ఆ వేరులోకి మరో రెండు జన్యువులు చేర్చి, లీటరు ద్రవానికి 43 మిల్లీగ్రాములు వచ్చేచోట 411 మిల్లీగ్రాములు రాబట్టారు. తొమ్మిది రెట్లకు పైమాట!

ఇంత సాధించాక ప్రపంచమంతా తొట్టెలతో నిండిపోయి ఉండాలి కదా? నిండలేదు. ఈనాటికీ ఆ మందుకు ముడిసరుకు ముఖ్యంగా ఆస్ట్రేలియా తోటల్లో పెంచే డుబాయిసియా చెట్టు ఆకు నుంచే వస్తున్నది. కారణం సులభమే. చిన్న సీసాలో పెరిగిన వేరు పెద్ద తొట్టెలో ఉండకట్టుకుపోతుంది. మధ్యలోని వేళ్ళకు గాలి అందదు. కలుపుదామని రెక్క తిప్పితే వేళ్ళు తెగిపోతాయి. తయారైన పదార్థం చాలాసార్లు వేరులోనే ఉండిపోతుంది. ఒక్క బూజు రేణువు పడిందా, తొట్టె మొత్తం పారబోయవలసిందే. పంచదార, కరెంటు, శుభ్రత ఖర్చులు రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉంటాయి. అన్ని మందులూ వేరులో తయారు కావు కూడా. బిళ్ళగన్నేరునే తీసుకోండి. రక్తపోటు వైద్యంలో పనికొచ్చే అజ్మాలిసిన్ దాని వేరులో ఉంది, సీసాలో వస్తుంది. కాన్సరుకు వాడే విన్‌బ్లాస్టిన్‌కు మాత్రం ఆకు కావాలి. వేరొక్కదాని వల్ల అయ్యే పని కాదు.

దీన్నిబట్టి దళారీ మాటలోని అబద్ధమెంతో బయటపడుతుంది. మన రైతు అమ్మే పెన్నేరుగడ్డలో ఎక్కువ భాగం ఎండిన వేరుగానే, పొడిగానే చూర్ణాలకు, లేహ్యాలకు పోతుంది. ఎండిన వేరు ధరతో తొట్టె పోటీ పడలేదు. తొట్టె పోటీకి రాగలిగేది శుద్ధి చేసిన పదార్థాన్ని గ్రాముల్లెక్కన అమ్మే చోట. కనుక ముప్పు అసలు లేదని కాదు. అది ముందు ఎక్కడికి వస్తుందో తెలిసి ఉండాలి. పదార్థం కోసం కాంట్రాక్టు మీద వేరుపంట వేయించే చోటికి అది ముందు వస్తుంది. పొడి కోసం కొనే చోట మాత్రం ఈనాటికి అది ధర కొట్టడానికి చూపించే బూచి. వేరు ఇంకా సీసా దాటి బయటికి రాకముందే, దాని పేరు చెప్పి మన కూలి తగ్గిస్తున్నారు.

వేరు తవ్వినవాళ్ళకు చరిత్ర చెప్పే పాఠం

బూచి అని కొట్టిపారేసి నిద్రపోదామా? చరిత్ర అట్లా పోనివ్వదు.

మచిలీపట్నం అద్దకం బట్టలు ఒకప్పుడు దేశదేశాలకు ఓడలెక్కాయి. వాటి ఎరుపు చిరివేరుది. కోస్తా ఇసుక నేలల్లో ఆ వేరును తవ్వి బతికిన కుటుంబాలుండేవి. 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబ్, లీబర్‌మన్ ఆ ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను తారు నుంచి తయారుచేశారు. కొద్ది ఏళ్ళలోనే ఫ్యాక్టరీ ఎరుపు మార్కెట్టును ముంచెత్తింది. ఈనాడు పెడన కలంకారీలో వాడేది చాలావరకు ఆ అలిజరినే. 1897లో జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిని మార్కెట్టులోకి దించింది. నీలిమందు సాగు కుప్పకూలింది. నీలి దొరల దోపిడీ పోయినందుకు మనమెవరమూ ఏడవనక్కరలేదు. కాని చిరివేరు తవ్వినవాళ్ళ గతి, నీలి తొట్లలో కాళ్ళు నానబెట్టుకుని పనిచేసిన కూలీల గతి ఏమయిందని ఆనాడు ఎవరడిగారు? రంగు చరిత్ర రాసినవాళ్ళు శాస్త్రజ్ఞుల పేర్లు రాశారు, కంపెనీల పేర్లు రాశారు. కూలీల పేర్లు రాయలేదు.

ఇంకో ఉదాహరణ మన కాలానిదే. మలేరియాకు ఆర్టెమిసినిన్ అనే మందుంది. దాన్ని ఒక మొక్క ఆకు నుంచి తీస్తారు. చైనాలో, వియత్నాంలో, ఆఫ్రికాలో చిన్న రైతులు ఆ మొక్క పండిస్తారు. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు జన్యువులు మార్చిన ఈస్టు చేత దాని ముడిపదార్థాన్ని తయారు చేయించారు. 2013లో సనోఫీ అనే ఫ్రాన్సు కంపెనీ ఇటలీలోని ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలుపెట్టింది. కిలో 350 నుంచి 400 డాలర్లయితే గాని దానికి ఖర్చు కూడా రాదు. ఇంతలో రైతు పండించిన సరుకు ధర 250 డాలర్ల కిందికి పడిపోయింది. 2015లో ఆ ఫ్యాక్టరీ ఒక్క కిలో కూడా చేయలేదు, చివరికి దాన్ని అమ్మేశారు. ఇది రైతు గెలుపని సంబరపడాలా? ఫ్యాక్టరీని ఓడించింది రైతు చవక ధర, కూలీ చవక చెమట. ధర ఎక్కితే ఫ్యాక్టరీ మళ్ళీ పొగ వదులుతుంది. ధర దిగితే రైతు మునుగుతాడు. రెండు పక్కలా కత్తి మెడ మీద ఉన్నది సాగుచేసే వాడికే. మలేరియా రోగికి మందు చవగ్గా అందాలన్నది మన కోరిక కూడా. ఆ చవక భారమంతా పండించేవాడి నెత్తి మీదే ఎందుకు పడాలి?

అడవి వేరు సంగతి

ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. అన్ని వేళ్ళూ తవ్వుతూ పోతే మిగిలేదేమిటి?

సర్పగంధనే చూడండి. పల్లె వైద్యులకు తరతరాలుగా తెలిసిన మొక్క. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ అది రక్తపోటును తగ్గిస్తుందని ఇంగ్లండు వైద్య పత్రికలో రాశాడు. 1952లో స్విట్జర్లండు కంపెనీ సీబా శాస్త్రజ్ఞులు దాని వేరు నుంచి రిసర్పిన్ తీశారు. ఇక అడవుల మీద పడ్డారు. ఆకు కోస్తే చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. చివరికి 1990లో దాన్ని అంతర్జాతీయ వాణిజ్యంలో అదుపులో పెట్టవలసిన మొక్కల జాబితాలో చేర్చారు. మన తూర్పు కనుమల్లో షర్బత్తు కోసం తవ్వే నన్నారి వేరు కూడా ఇదే దారిలో పోతున్నది. తవ్వేది చెంచులు, యానాదులు. ఏటేటా ఇంకా లోపలికి, ఇంకా దూరం నడవాలి. మొక్క తరిగిపోయిన నింద వాళ్ళ మీదే. లాభం మాత్రం షర్బత్తు సీసా మీద పేరున్నవాడిది.

ఇటువంటి మొక్కలకు తొట్టెలో పెరిగే వేరు మేలే చేస్తుంది. ఒకసారి ఒక ఆకు తెచ్చుకుంటే చాలు, ఏళ్ళ తరబడి అడవికి పోకుండా వేరు పెంచవచ్చు. అయితే ఆ మేలులోనే చిక్కుంది. ఏటా వేరు కావలసినంత కాలం అడవిబిడ్డ దగ్గరికి కంపెనీ రాక తప్పదు. ఒక్క ఆకుతో పని తీరిపోతే, ఆ ఆకు ఇచ్చినవాడి మొహం మళ్ళీ చూడనవసరం లేదు. కాబట్టి వాటా మాట ఆకు ఇచ్చేముందే తేలాలి.

అది సాధ్యమేనని కేరళ కాణి గిరిజనులు చూపించారు. అగస్త్య కొండల్లో నడుస్తూ అలసట రాకుండా వాళ్ళు ఆరోగ్యపచ్చ కాయలు తింటారు. ఆ మొక్క నుంచి అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ 'జీవని' అనే మందు చేసింది. తయారీ హక్కును ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకు, అమ్మకాల మీద 2 శాతం వాటాకు ఇచ్చింది. వచ్చిన దాంట్లో సగం కాణిలకు ఇవ్వాలని ఒప్పుకుంది. 1997లో ఆ డబ్బు కోసం కాణిల ట్రస్టు ఏర్పడింది. మొక్క పెంచుకునే విషయంలో అటవీశాఖతో తగాదాలు వచ్చాయి, అనుకున్నదంతా జరగలేదు. అయినా తెలివి చెప్పినవాడికి వాటా ఉందన్న సూత్రం నిలబడింది.

చట్టం ఎవరి పక్షం?

మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం ఈ సూత్రాన్ని ఒప్పుకుంది. దేశీయ కంపెనీ కూడా వాటా ఇవ్వవలసిందేనని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో తీర్పు చెప్పింది. మరి పాలకులు ఏం చేశారు? 2023లో చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ జ్ఞానానికీ, సాగు చేసిన మందు మొక్కలకూ మినహాయింపు ఇచ్చారు. అశ్వగంధ గ్రంథాల్లో ఉంది, సర్పగంధ గ్రంథాల్లో ఉంది. ఇక మిగిలిందేమిటి? తొట్టెలో పెరిగిన వేరు కూడా "సాగు చేసిన మొక్కే"నని రేపు ఏ కంపెనీ లాయరయినా వాదించకుండా ఉంటాడా? చిన్న రైతు కోసం పెట్టామన్న కిటికీలోంచి పెద్ద కంపెనీ లారీ దూరిపోతుంది.

జన్యువుకు కిరాయి కట్టడమంటే ఏమిటో మన పత్తి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. బీటీ పత్తి విత్తనాలు 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైగా పలికిన రోజుల్లో అందులో సగానికి మించి జన్యువు కిరాయే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్త వ్యాపారాల కమిషన్ ముందు కేసు వేసి గట్టిగా నిలబడితే 2006లో ధర 750 రూపాయలకు దిగింది. రైతులు, రైతు సంఘాలు రోడ్డెక్కితేనే ప్రభుత్వం కదిలిందని మరచిపోరాదు. దిగనే దిగదన్న ధర సగానికి పైగా దిగింది కదా!

వెంట్రుక వేళ్ళ పరిశోధన మన దేశంలో ఎక్కువగా ప్రభుత్వ సంస్థల్లో, యూనివర్సిటీల్లో జరిగింది. అంటే ప్రజల డబ్బుతో. అగ్గిపెట్టె మీద పన్ను కట్టిన కూలీ డబ్బు కూడా అందులో ఉంది. అట్లాంటి వేరును ఒక్క కంపెనీకి గుత్తకిచ్చే హక్కు ఎవరికుంది?

మేం అడిగేది

ఈ విజ్ఞానాన్ని ఆపమని మేం అడగడం లేదు. నీళ్ళల్లో వేరు పెంచిన మెదడు కూడా శ్రమ చేసిన మెదడే. మేం అడిగేది ఇవి:

1. ప్రజల డబ్బుతో తయారైన వేళ్ళను ఏ ఒక్క కంపెనీకీ గుత్తకివ్వరాదు. ఇచ్చే ప్రతి ఒప్పందాన్నీ బహిరంగంగా ప్రకటించాలి.

2. తొట్టెలో పెంచిన వేరు మీద, దాని నుంచి తీసిన మందు మీద ఆ మాట స్పష్టంగా అచ్చువేయాలి. అప్పుడు పొలం వేరుకు, తొట్టె వేరుకు ధర వేరువేరుగా తెలుస్తుంది, దళారీ బూచి ఆట కట్టవుతుంది.

3. తొట్టె వేరు "సాగు చేసిన మొక్క" కాదని చట్టంలో రాయాలి. మొదటి ఆకు ఏ ఊరిదో, ఏ గూడెందో ఆ పంచాయతీకి, ఆ గిరిజనులకు అమ్మకాల మీద వాటా ఇవ్వాలి.

4. మందు మొక్కల కాంట్రాక్టు సాగుకు తెలుగులో రాసిన ఒప్పందం, కనీస ధర, కంపెనీ ముందుగా కట్టిన ధరావతు తప్పనిసరి చేయాలి. సఫేద్ ముస్లీ వేయండి, మేమే కొంటామని చెప్పి దుంపలు రైతుకు అంటగట్టి, తవ్వే వేళకు ఆఫీసుకు తాళం వేసి పోయిన కంపెనీని మేం కళ్ళారా చూశాం.

5. వేరు తవ్వి, కడిగి, కత్తిరించి, గ్రేడు చేసే ఆడకూలీలకు కనీస కూలి అమలు చేయాలి. అడవి వేరు తవ్వకం ఆపవలసిన చోట గిరిజనులను వెళ్ళగొట్టకుండా, ఆ మొక్కల్ని తిరిగి నాటి కాపాడే పనిని కూలి ఇచ్చి వాళ్ళకే అప్పగించాలి.

ఈ తగాదాలో రైతుకూ కూలీకీ ఒక మాట చెప్పాలి. దళారీ బూచి చూపించిన రోజు రైతు ధర పోయింది, కూలీ రేటు పోయింది. రైతు ఆ నష్టాన్ని కూలీ మీదికి నెట్టి ఊపిరి పీల్చుకున్నాడు. అట్లా నెట్టినంత కాలం దళారీ ఏటా ఒక కొత్త బూచిని తెస్తూనే ఉంటాడు. చిన్న రైతులు ఊరుమ్మడిగా సరుకు పోగేసి, కూలి రేటు ముందే తేల్చుకుని, ఒకే మాట మీద అమ్మితే సీసా కథలకు అంత బలం ఉండదు.

ఇక అవ్వ అడిగిన ప్రశ్న. సీసాలో వేరు తవ్వడానికి ఎవరినీ పిలవరవ్వా. అక్కడ తెల్లకోటు వేసుకున్న నలుగురు చాలు. ఆ నలుగురిలో మన ఊరి పిల్ల ఒకతె ఉండేటట్టు చదివించుకోవడం మన పని. నీ పొలం వేరుకు మాత్రం ఇంకా చాలా కాలం గిరాకీ ఉంది. ఎవడో సీసా పేరు చెప్తే కూలి తగ్గించుకోవద్దు. వచ్చే తవ్వకాలకు ముందే సంఘం సమావేశం పెడుతున్నాం. నువ్వు రావాలి, ఈ ప్రశ్న దళారీ ముందర మళ్ళీ అడగాలి.